ల్యాప్ స్టీల్‌లో కార్డు షేపులు వెతకడం మానేశాకే నాకు దారి దొరికింది

మీ ప్రశ్న ఇదీ: ఏళ్ల తరబడి మామూలు గిటార్ వాయిస్తున్నారు, ఈమధ్యే ఆరు తీగల ల్యాప్ స్టీల్ (ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద బార్ అనే ఇనుప కడ్డీ జార్చి వాయించే గిటార్) కొన్నారు. ఏ ట్యూనింగ్ (తీగలను ఏ స్వరాలకు బిగించాలన్నది) పెట్టుకోవాలో, ఒక్క బార్‌తో మైనర్, సెవెన్త్ కార్డులు ఎలా పలికించాలో తెలియడం లేదు. నేనూ సరిగ్గా అక్కడే ఆర్నెల్లు తిరిగాను. అందులో సగం కాలం వారానికో ట్యూనింగ్ మార్చడానికే సరిపోయింది. దేనిలోనూ చెయ్యి కుదిరేది కాదు.

మీరు సి6 అనే ట్యూనింగ్ పెట్టుకోండి. లావు తీగ నుంచి సన్న తీగకు సి, ఇ, జి, ఎ, సి, ఇ. హవాయి సంగీతంలో, వెస్టర్న్ స్వింగ్‌లో (కంట్రీ, జాజ్ కలిసిన అమెరికన్ సంగీతం) బాగా వాడతారు. ఓపెన్ జి (జి, బి, డి, జి, బి, డి) మొదట్లో తేలిగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే దాని నాలుగు, మూడు, రెండో తీగలు మామూలు గిటార్‌లో ఉన్నవే. బ్లూస్‌కైతే అదే హాయి. కానీ అడ్డంగా బార్ పెడితే అన్నీ మేజర్లే. మైనర్ కావాలంటే రెండు తీగలు మీటి, మిగతా స్వరం బేస్ వాయించేవాళ్లకు వదిలేయాలి.

ఒక హెచ్చరిక. మామూలు గిటార్ తీగల్నే సి6కి బిగించకండి. ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) ఎనిమిది సెమీటోన్లు (ఒక్కోటీ ఒక ఫ్రెట్ దూరం), ఐదోది ఏడు సెమీటోన్లు పైకి పోవాలి. నేను ఐదో తీగ బిగిస్తుంటే టప్పున తెగి మణికట్టు మీద గీత పెట్టింది. సి6 అని విడిగా సెట్లు దొరుకుతాయి, తీగల మందం సుమారు 0.015 నుంచి 0.036 అంగుళాల దాకా ఉంటుంది. అవే వేయండి.

ఇక కార్డులు. గిటారిస్టు బుర్ర వేళ్ల షేపు కోసం చూస్తుంది. ఇక్కడ షేపు లేదు, ఒక ఇనుప గీత ఉంది. ఆ గీత మీద ఏ మూడు తీగలు మీటుతున్నామన్నదే కార్డు. సి6లో బార్ పెట్టకుండా ఆరు, ఐదు, నాలుగు తీగలు మీటితే సి మేజర్. అలాగే మూడు, రెండు, ఒకటి మీటితే ఎ మైనర్. అంటే ప్రతి ఫ్రెట్‌లోనూ కింద ఒక మేజర్, పైన దాని రిలేటివ్ మైనర్ (అదే స్కేలు స్వరాలతో వచ్చే జోడీ మైనర్) కూర్చుని ఉన్నాయి. ఐదో ఫ్రెట్‌లో ఎఫ్, డి మైనర్. ఏడో ఫ్రెట్‌లో జి, ఇ మైనర్. సి స్కేలులో మామూలుగా వాడే ఆరు కార్డులూ ఓపెన్ (బార్ లేకుండా), ఐదు, ఏడు, ఈ మూడు చోట్లే అయిపోయాయి. ఇది అర్థమైన రోజు నేను కార్డు చార్టు మడిచి పక్కన పడేశాను.

సెవెన్త్‌కి కొంచెం మోసం చేయాలి. మేజర్ ఉన్న చోటి నుంచి మూడు ఫ్రెట్లు పైకి వెళ్లి ఐదు, నాలుగు, మూడు తీగలు మీటండి. జి ఏడులో ఉంది కదా, పదో ఫ్రెట్‌లో ఆ మూడు తీగలు డి, ఎఫ్, జి ఇస్తాయి. జి సెవెన్త్‌లో బి ఒక్కటే లేదు. పక్కన ఇంకో గిటారో కీబోర్డో ఉంటే ఆ లోటు ఎవరికీ వినపడదు.

బార్ ఏటవాలుగా పట్టడం, అంటే స్లాంట్, మొదటి రెండు నెలలు ముట్టుకోకండి. తర్వాత మూడు, రెండో తీగలతో సి స్కేలు థర్డ్‌లలో (స్కేలులో ఒకటి విడిచి ఒక స్వరం జతగా) వాయించి చూడండి. డి-ఎఫ్ ఐదో ఫ్రెట్‌లో, ఇ-జి ఏడులో, రెండూ నిటారుగానే. ఎఫ్-ఎ కోసం మాత్రం మూడో తీగ ఎనిమిదిలో, రెండో తీగ తొమ్మిదిలో ఉండేలా బార్ వంచాలి. జి-బి కూడా అంతే, పది, పదకొండు. నిటారు నుంచి వాలుకు మారే ఆ క్షణంలోనే శ్రుతి తప్పుతుంది. నాకిప్పటికీ తప్పుతుంది.

పాత అలవాట్లలో నన్ను ఎక్కువ ఏడిపించింది వేలు పెట్టే చోటు. గిటార్‌లో ఫ్రెట్ లోహపు గీతకు కాస్త వెనక నొక్కుతాం. ల్యాప్ స్టీల్‌లో బార్ మధ్యభాగం సరిగ్గా ఫ్రెట్ గీత మీదే ఉండాలి, నొక్కకూడదు, ఆనించాలి అంతే. నేను వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి వింటే మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఫ్లాట్ (శ్రుతి కాస్త తగ్గి). వాయిస్తున్నప్పుడు తెలియనే లేదు. తల పక్కకు వంచి చూస్తే గీత జరిగినట్టు కనపడుతుంది, కాబట్టి నిలువుగా పైనుంచే చూడండి.

ఇంకొకటి, మీటని తీగలు మోగకుండా ఆపడం. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు బార్ వెనక తీగల మీద తేలిగ్గా ఆనించి ఉంచాలి. కుడిచేతి అరచేయి అంచుతో, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే ముందు పాతదాన్ని మూసేయాలి. బార్ జార్చడం కన్నా దీనికే నాకు ఎక్కువ రోజులు పట్టింది. రోజూ పది నిమిషాలు రెండో తీగా నాలుగో తీగా మార్చి మార్చి మీటి, మధ్యలో చప్పుడు లేకుండా మూయడం చేశాను. ఇంట్లోవాళ్లకు విసుగొచ్చింది గానీ చెయ్యి దారికొచ్చింది.