రిటైరైనవారి వైఫైకి ఫీజు సరే, పింఛన్లో కోత మాటేమిటి?

ప్రశ్న: విశాఖపట్నంలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి 2017లో రిటైరయ్యాను. పెదవాల్తేరులో ఉంటాను. పొద్దున క్యాంపస్‌లో నడక అయ్యాక లైబ్రరీలోనో, పెన్షనర్ల సంఘం గదిలోనో కాసేపు కూర్చుంటాను. ఉద్యోగంలో ఉన్నప్పటి వైఫై లాగినే ఇన్నాళ్లూ పనిచేసింది. ఇప్పుడు సర్క్యులర్ వచ్చింది. రిటైరైనవాళ్లు నెలకు 150 రూపాయలు కట్టాలట. గత రెండేళ్లు వాడుకున్నందుకు 3,600 బకాయి కూడా కట్టాలట. 30 రోజుల్లో కట్టకపోతే పింఛన్లో పట్టుకుంటారట. ఎమెరిటస్ ప్రొఫెసర్లకు, అంటే రిటైరయ్యాక కూడా గౌరవ హోదాలో కొనసాగేవారికి, మాత్రం ఉచితం. ఇంటర్నెట్ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి హైకోర్టుకు వెళ్దామని సంఘంలో కొందరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: ముందు మీకు రుచించని మాట చెప్పేస్తాను. ఇకమీదట నెలకు 150 ఇవ్వమని అడగడం విశ్వవిద్యాలయానికి తప్పు కాదు. ఆ డబ్బును మీ పింఛన్లోంచి పట్టుకుంటాననడం తప్పు. మీ సంఘం మొదటిదాని మీద కోర్టుకెక్కుదామంటోంది, రెండోదాన్ని పట్టించుకున్నట్టు లేదు. అసలు కేసు ఉన్నది రెండోదాంట్లోనే.

ప్రాథమిక హక్కు వాదన సంగతి. మీవాళ్లు చెబుతున్నది 2020 జనవరి 10న వచ్చిన అనురాధా భసీన్ తీర్పు. కశ్మీర్‌లో ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసినప్పుడు వేసిన కేసు అది. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటన చేయడానికి, వృత్తి వ్యాపారాలు నడుపుకోవడానికి రాజ్యాంగ రక్షణ ఉందని కోర్టు చెప్పింది. అంటే ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు అడ్డుపడకూడదని అర్థం. ఎవరో ఒకరు ఉచితంగా ఇచ్చి తీరాలని ఆ తీర్పులో ఎక్కడా లేదు. కేరళ హైకోర్టు 2019లో ఫహీమా షిరీన్ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమంది. అక్కడ పిటిషనర్ హాస్టల్లో ఉన్న విద్యార్థిని, తగువు ఫోన్ వాడకం మీద హాస్టల్ పెట్టిన ఆంక్షల గురించి. మనకు ఆ రెండూ అతకవు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇచ్చిన లాగిన్‌ను రిటైరయ్యాక ఆపకపోవడం ఒక వెసులుబాటు. ఏ సర్వీసు నిబంధనలోనూ దానికి చోటు లేకపోతే ముందుగా చెప్పి దాన్ని తీసేయవచ్చు, ధర కట్టవచ్చు. చాలాకాలంగా ఇస్తున్నారు కాబట్టి ఇస్తూనే ఉంటారని ఆశ పెట్టుకున్నామనే వాదన ఒకటుంది. కానీ ఇటువంటి చిన్న సౌకర్యాల విషయంలో కోర్టులు దానికి పెద్దగా బరువు ఇవ్వవు. 1982 డిసెంబరులో వచ్చిన నకారా తీర్పు పెన్షనర్లందరికీ కంఠతా. అది పింఛను లెక్కగట్టడంలో తేదీ గీసి వేరు చేయడం గురించి. వైఫైని దాని కిందకు తేవాలని చూస్తే జడ్జిగారు నవ్వి ఊరుకుంటారు.

ఇక ఆ 3,600 సంగతి. ఆ రెండేళ్లూ మీరు వాడుకున్నప్పుడు దానికో ధర ఉందని ఎవరూ చెప్పలేదు, మీరు ఒప్పుకోనూ లేదు. చట్టం ప్రత్యేకంగా అధికారం ఇస్తే తప్ప, కార్యనిర్వాహక ఉత్తర్వు వెనక తేదీ నుంచి భారం మోపలేదు. ఈ ఫీజు మీరు కావాలంటే కట్టి వాడుకునే సేవ, వద్దంటే మానేసే సేవ. ముందు వాడేసి తర్వాత వద్దనే వీలు ఎవరికీ ఉండదు కదా, కాబట్టి పాత కాలానికి వసూలు అనగానే అది ఐచ్ఛికం కాకుండా పోయి బలవంతపు వసూలైపోతుంది. అలాంటి వసూలుకు చట్టంలో స్పష్టమైన అధికారం ఉండాలని సుప్రీంకోర్టు 1992లో అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో చెప్పింది. బకాయి కట్టకండి.

పింఛన్లో కోత దగ్గర మీరు ఇంకా గట్టిగా నిలబడవచ్చు. పింఛను యజమాని దయ కాదు, ఉద్యోగి ఆస్తి అని 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో తేలిపోయింది. 2013లో జార్ఖండ్ ప్రభుత్వం వర్సెస్ జితేంద్రకుమార్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు దీన్నే, చట్టం అనుమతి లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదనే రాజ్యాంగం 300-ఎ అధికరణంతో ముడిపెట్టి, చట్టబద్ధమైన నిబంధన లేకుండా కేవలం పరిపాలనా ఆదేశాలతో పింఛనునూ గ్రాట్యుటీనీ ఆపడానికి వీల్లేదని చెప్పింది. మీ చేతిలో ఉన్న సర్క్యులర్ అచ్చంగా అలాంటి పరిపాలనా ఆదేశమే. ఇంకో సంగతి చూడండి. కోర్టులో డిక్రీ (డబ్బు కట్టాలనే తీర్పు) తెచ్చుకున్న అప్పులవాడు కూడా పెన్షనర్‌కు యజమాని ఇచ్చే పింఛనును జప్తు చేయించలేడని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. డిక్రీతో కానిది సర్క్యులర్‌తో ఎలా అవుతుంది?

ఎవరైనా రఫీక్ మసీహ్ తీర్పు కాగితం తెచ్చి చూపిస్తే పక్కన పెట్టండి. 2014 డిసెంబరు నాటి ఆ తీర్పు, యజమాని పొరపాటున ఎక్కువ ఇచ్చిన జీతాన్ని రిటైరైనవాళ్ల దగ్గర రాబట్టకూడదన్నది. రిటైరైనవారి రికవరీ అనగానే దాన్ని అతికించడం మా న్యాయవాదుల్లో ఈమధ్య రివాజైపోయింది. మీ కేసుకు దాని అవసరం లేదు.

ఒకచోట మాత్రం జాగ్రత్త. కొత్త లాగిన్ కోసం ఇచ్చే దరఖాస్తులో, లేదా తెరమీద కనిపించే ‘అంగీకరిస్తున్నాను’ గడి కింద చిన్న అక్షరాల్లో ‘బకాయిలను నా పింఛను నుంచి మినహాయించుకోవడానికి సమ్మతిస్తున్నాను’ అనే వాక్యం ఉండవచ్చు. సంతకం పెట్టేముందు అద్దాలు పెట్టుకుని చదవండి. ఉంటే ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి ఇవ్వండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, సమ్మతిని ఉపసంహరించుకుంటున్నానని పెన్షన్ విభాగానికి రాసి రసీదు తీసుకోండి.

ఎమెరిటస్ ప్రొఫెసర్లకు ఉచితమన్నందుకు బాధపడకండి. వారు పరిశోధన కొనసాగిస్తుంటారు కాబట్టి ఆ తేడాకు కారణం ఉందని విశ్వవిద్యాలయం చెప్పుకోగలదు. రిటైరైన మామూలు ప్రొఫెసర్లకు ఉచితంగా ఇచ్చి బోధనేతర సిబ్బందికి మాత్రమే ఫీజు వేసి ఉంటే అది వేరు సంగతి, సమానత్వ హక్కు చెప్పే 14వ అధికరణం కింద అడగదగిన ప్రశ్నే.

చేయాల్సిన పని. ముందు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ఈ ఫీజును విశ్వవిద్యాలయ పాలకమండలి అయిన ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఆమోదించిందా, ఆమోదిస్తే తీర్మానం నకలు, 150 అనే లెక్క ఎలా వచ్చింది, ఎవరెవరికి మినహాయింపు, ఇవి అడగండి. ఈ చివరి రెండింటికి వచ్చే జవాబుల్లో చాలాసార్లు అసలు బండారం బయటపడుతుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఇంటర్నెట్, విద్యాసంస్థలను కలిపే కేంద్రం వాళ్ల నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ నుంచి వస్తుంటే మన దగ్గర డబ్బెందుకని కొందరు అంటుంటారు. లైను ఎక్కడినుంచి వచ్చినా కేబుళ్లు, స్విచ్చులు, గోడలకు బిగించే పెట్టెలు, వాటిని చూసుకునే మనుషులు ఉచితంగా రారు. ఆ వాదన ఎక్కువ దూరం వెళ్లదు.

దాంతోపాటే రిజిస్ట్రార్‌కు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. ‘ఇకపై వాడకానికి ఫీజు కట్టడానికి అభ్యంతరం లేదు. గత కాలపు బకాయిని అంగీకరించడం లేదు. నా పింఛను నుంచి ఎటువంటి మినహాయింపుకూ సమ్మతించడం లేదు.’ ఈ మూడు వాక్యాలు చాలు. లాగిన్ ఆపేస్తామని బెదిరించి బకాయి కట్టించుకుంటే, రసీదు మీదా మీ నకలు మీదా ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాయండి. కాంట్రాక్ట్ చట్టం 72వ సెక్షన్ కింద తిరిగి అడగడానికి అది పనికొస్తుంది. రసీదులో 150కి బదులు 177 ఉంటే, ఆ 27 రూపాయలు జీఎస్టీ అన్నమాట. విద్యాసంస్థ తన విద్యార్థులకు, బోధకులకు, సిబ్బందికి ఇచ్చే సేవలకు పన్ను మినహాయింపు ఉంది. రిటైరైనవాళ్లు ఆ మాటల్లోకి వస్తారా రారా అన్నది వాదించుకోవాల్సిన విషయం. కనీసం జీఎస్టీ నంబరున్న బిల్లు ఇవ్వమని అడగండి.

నెల పింఛను స్లిప్పులో రికవరీల గడి చూస్తుండండి. అక్కడ అంకె పడిన రోజున హైకోర్టుకు వెళ్లండి. విడివిడిగా కాదు, కోత పడినవాళ్లంతా కలిసి హైకోర్టుకు నేరుగా వెళ్లే వీలిచ్చే 226వ అధికరణం కింద ఒకే రిట్ పిటిషన్ వేయండి. హైకోర్టున్న నేలపాడు దాకా ఒక్కరే రైలు ఖర్చులు పెట్టుకుని వెళ్లే కేసు కాదిది. ఫీజు కట్టాక సిగ్నల్ రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వాదన కూడా ఉంది. విద్య సేవ కాదని విశ్వవిద్యాలయం 2010 నాటి సుర్జీత్ కౌర్ తీర్పు ముందు పెడుతుంది. డబ్బు తీసుకుని ఇచ్చే వైఫై విద్య కాదు కదా అని మీరు అనవచ్చు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

లాగిన్‌తో పాటు విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిల్ కూడా ఆపేసే అవకాశం ఉంది. పింఛను ఉత్తర్వులు, వైద్య ఖర్చుల బిల్లులు, బ్యాంకు సమాచారం అందులోనే ఉంటే ఈ వారమే సొంత మెయిల్‌కు పంపేసుకోండి. ఆ చిరునామాతో ముడిపడిన ఖాతాలన్నిటిలోనూ కొత్తది ఇవ్వండి. దీనికి ఏ కోర్టూ స్టే ఇవ్వనక్కర్లేదు, మనవడు పక్కన కూర్చుంటే ఒక ఆదివారం చాలు.