చెవి పైభాగాన కుట్టించుకుంటే ఎన్నాళ్లకు మానుతుంది?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. చెవి తమ్మెలు చిన్నప్పుడే కుట్టించారు. ఇప్పుడు పైభాగాన కుట్టించుకుని, పైడితల్లమ్మ పండుగ నాటికి రింగు పెట్టుకోవాలని ఉంది. హీలిక్స్, ట్రాగస్, కాంక్ అని రకరకాలుగా చెబుతున్నారు. గన్‌తో కుట్టించుకున్న నా స్నేహితురాలికి చెవి వాచిపోయింది. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు

జవాబు: చెవి తమ్మెలో ఎముకగానీ మృదులాస్థి (మెత్తగా వంగే కార్టిలేజ్) గానీ ఉండవు, రక్తప్రసరణ బాగుంటుంది కనుక అక్కడి గాయం సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో మానుతుంది. దానిపైనున్న చెవి డొప్ప మాత్రం మృదులాస్థితో ఏర్పడింది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. దాన్ని అంటిపెట్టుకుని ఉండే పలుచని పొర ద్వారానే పోషణ అందుతుంది కాబట్టి, అక్కడి రంధ్రం పూర్తిగా మానడానికి 6 నెలల నుంచి ఏడాది వరకు పట్టవచ్చు. నెల ముందు కుట్టించుకుని పండుగకు రింగు మార్చడం కుదరదు. మొదట పెట్టిన స్టడ్‌తోనే సిరిమాను చూడటానికి సిద్ధపడాలి.

ఇక రకాల విషయం. చెవి పై అంచున కుట్టేది హీలిక్స్. మన అమ్మమ్మలు బావిలీలు పెట్టుకున్నది దాదాపు అక్కడే. చెవి రంధ్రం ముందుండే చిన్న మిట్ట ట్రాగస్, లోపల దొన్నెలా గుంటగా ఉండే భాగం కాంక్. రంధ్రానికి పైనున్న మడతలో కుట్టేది డెయిత్. దీనివల్ల మైగ్రేన్ తగ్గుతుందన్న ప్రచారానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదు. పై అంచున రెండు రంధ్రాలు చేసి ఒకే కడ్డీ దూర్చేది ఇండస్ట్రియల్; రెండు గాయాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి కనుక మొదటిసారి కుట్టించుకునేవారికి నేను సూచించను. ట్రాగస్‌కు ఇయర్‌ఫోన్ ఒరుసుకుంటుంది. మీకు హీలిక్స్ మేలు, శుభ్రం చేసుకోవడం సులువు.

రకం కంటే కుట్టే పద్ధతి ముఖ్యం. గన్ మొద్దు స్టడ్‌ను బలంగా నెట్టడంతో మృదులాస్థి చిట్లి, పైపొర ఊడిరావచ్చు. పైగా ప్లాస్టిక్ గన్‌ను ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) స్టెరిలైజ్ చేయలేరు. ఒక్కసారి వాడి పారేసే స్టెరైల్ సూదితోనే, నికెల్ లేని బంగారం లేదా టైటానియం స్టడ్‌తో కుట్టించుకోండి. మీకు మధుమేహం ఉన్నా, కుటుంబంలో ఎవరికైనా గాయం మానినచోట కీలాయిడ్ గడ్డలు లేచినా ముందే డాక్టరును అడగండి.

రోజుకు రెండుసార్లు మందుల దుకాణంలో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్‌తో శుభ్రం చేస్తే చాలు. పసుపు, కొబ్బరినూనె, స్పిరిట్ వద్దు. స్టడ్‌ను తిప్పకండి, ఆ వైపు ఒరిగి పడుకోకండి. మానేవరకు చెరువులో, చింతపల్లి బీచ్‌లో స్నానాలు మానుకోండి.

మొదటి కొద్ది రోజులు స్వల్ప నొప్పి, ఎరుపు సహజమే. అయితే చెవి డొప్ప ఎర్రగా, వేడిగా వాచి, ముట్టుకోలేనంత నొప్పి పుడుతూ, కింది తమ్మె మాత్రం మామూలుగా ఉంటే పెరికాండ్రైటిస్‌గా, అంటే మృదులాస్థి పైపొరకు సోకిన ఇన్‌ఫెక్షన్‌గా అనుమానించాలి. దీనికి తరచుగా కారణమయ్యే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాపై అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ పని చేయదు కనుక, దుకాణంలో అడిగి మాత్రలు మింగుతూ కాలం గడపకూడదు. చీము చేరితే పోషణ అందక మృదులాస్థి చచ్చిపోయి, చెవి ముడుచుకుపోతుంది. ఈ లక్షణాలు కనిపించిన రోజే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోగానీ, దగ్గరలోని ఈఎన్‌టీ డాక్టరు వద్దగానీ చూపించుకోండి. స్టడ్ తీయాలా, ఉంచాలా అన్నది వారే నిర్ణయిస్తారు.