పాత రికార్డులు షాపుకి తీసుకెళ్లే ముందు

ఇల్లు మారుతున్నాం, అల్మరా నిండా పాత ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు), సీడీలు ఉన్నాయి, పారేయాలా అమ్మాలా అని చాలామంది అడుగుతుంటారు. దయచేసి పారేయకండి. పాత రికార్డులు కొనే షాపులు చాలా ఊళ్లలో ఉన్నాయి. కాకపోతే అట్టపెట్టెను ఉన్నపళంగా కౌంటర్ మీద పెట్టి ‘ఎంతిస్తారు?’ అంటే మీరే నష్టపోతారు. ముందు ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఏమేం ఉన్నాయో చూసుకోండి.

పాతదైతే చాలు ఖరీదు పలుకుతుందని చాలామంది అనుకుంటారు. కొనేవాళ్లు వయసు కన్నా ముందు కండిషన్ చూస్తారు. రికార్డును అంచులతో పట్టుకుని, గట్టి లైటు కింద కాస్త ఏటవాలుగా తిప్పండి. సన్నటి పైపై గీతలుంటే రేటు కొంచెం తగ్గుతుంది, అంతే. గోరుకి తగిలే గీత ఉంటే మాత్రం పాట మధ్యలో టక్ టక్‌మంటుంది, దానికి పెద్దగా రాదు. కవరు మూలలు నలిగినా, అట్ట చిరిగినా ధర పడిపోతుంది. పాత స్టిక్కర్లు పీకే ప్రయత్నం చేయకండి, వాటితోపాటు కాగితం కూడా లేచిపోతుంది.

తర్వాత చూడాల్సింది ఆఖరి పాట ముగిశాక లేబుల్ దాకా ఉండే నున్నటి భాగం. అక్కడ చిన్నచిన్న అంకెలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. తొలి ప్రెస్సింగ్‌కీ (మొదటి విడతలో తయారైన రికార్డుకీ), తర్వాత మళ్లీ విడుదల చేసిన రీఇష్యూకీ కవరు ఒకేలా ఉండొచ్చు. ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది, ఆ తేడా పట్టించేవి ఈ అంకెలే. వాటిని రికార్డుల వివరాలు, ధరలు ఉండే డిస్కాగ్స్ సైటులో వెతికితే మీ చేతిలో ఉన్నది ఏ ప్రెస్సింగో తేలుతుంది. అక్కడ అమ్మేవాళ్లు అడుగుతున్న ధరను కాకుండా, గతంలో నిజంగా అమ్ముడైన ధరలను చూడండి.

నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు 78 ఆర్పీఎం రికార్డులు చాలా షాపులు తీసుకోవు. వాటిలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి, కిందపడితే పగిలిపోతాయి. వాటిని స్పిరిట్‌తో తుడవకండి, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. మామూలు సీడీలకు నామమాత్రంగానే వస్తుంది. ఇంట్లో కంప్యూటర్‌తో పాటలు ఎక్కించుకున్న సీడీలు అసలు తీసుకెళ్లకండి.

వెళ్లేముందు ఫోన్ చేసి, కొనే మనిషి ఏ వేళల్లో ఉంటారో కనుక్కోండి. దొంగ సరుకు రాకుండా చాలాచోట్ల ఐడీ కార్డు అడుగుతారు, టెన్షన్ పడనక్కర్లేదు. ఇక రేటు సంగతి. షాపు అమ్మే ధరలో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా ఇవ్వజూపితే అది న్యాయమైన బేరమే. వాళ్లు అద్దె కట్టాలి, శుభ్రం చేయాలి, కొన్నిటిని నెలల తరబడి ర్యాకులో ఉంచుకోవాలి. నగదుకి ఎంత, స్టోర్ క్రెడిట్‌కి (డబ్బుకి బదులు అదే షాపులో కొనుక్కోవడానికి ఇచ్చే మొత్తానికి) ఎంత అని రెండూ అడగండి. క్రెడిట్ తీసుకుంటే సాధారణంగా ఎక్కువే ఇస్తారు. కానీ అక్కడ మళ్లీ కొనే ఉద్దేశం లేకపోతే నగదే మేలు.

మంచివన్నీ ముందే ఏరేసుకుని మిగతావి షాపుకి పట్టుకెళ్తే, ఆ మిగతావాటికి దాదాపు ఏమీ రాదు. నాలుగు మంచి రికార్డులు కనిపిస్తేనే వాళ్లు పెట్టె మొత్తానికి మంచి రేటు చెబుతారు. అందుకే మరీ ఖరీదైనవి ఒకటి రెండు తప్ప అన్నీ కలిపే తీసుకెళ్లమంటాను.

తెలుగు, హిందీ సినిమా పాటల ఎల్పీల విషయంలో మాత్రం నా సలహా వేరు. విదేశాల్లోని చాలా షాపులకు మన సంగీత దర్శకుల పేర్లు తెలియవు, కొనేదెవరో తెలియదు, గంపగుత్తగా నామమాత్రపు రేటు కడతారు. కానీ వాటికోసం గాలించే కలెక్టర్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాటిని పెట్టెలోంచి తీసి పక్కన పెట్టండి. కవరు ముందూ వెనకా, లేబుల్ రెండు వైపులా ఫోటోలు తీసి, ఉన్న గీతలు ఉన్నట్టే రాసి ఆన్‌లైన్‌లో ఒక్కొక్కటిగా అమ్మండి. ఆలస్యమైనా వాటి విలువ తెలిసినవాళ్లు దొరుకుతారు.