పోటు చూసుకుని దిగండి

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూలైలో నేను, మావారు అక్కడికి వెళ్తున్నాం. శాన్ వాన్ దీవుల తీరం వెంబడి మోటారు పడవలో తిప్పుతాననీ, మధ్యలో ఒక పగలంతా ఏదో ఒక దీవిలో దిగి గడుపుదామనీ అబ్బాయి అంటున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు. మావారికేమో కొండ కనబడితే ఎక్కక తప్పదు. ఇద్దరికీ కుదిరే చోటు ఏది? పడవ దిగడం, ఎక్కడం నా వల్ల అవుతుందా? కెనడా పక్కనే ఉందంటున్నారు, అటు కూడా ఒకసారి దిగి రావచ్చా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి, తక్కినవన్నీ దాన్ని బట్టే తేలతాయి. దిగడం మీ వల్ల అవుతుంది, కాకపోతే ఏ వేళకు దిగుతారన్నది చూసుకోవాలి. శ్రీశైలం జలాశయంలో నీరు నెలల తరబడి తగ్గుతూ పోతే వేసవిలో మన సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, వరద వస్తే మళ్లీ మునుగుతుంది. ఆ దీవుల దగ్గర సముద్రం అటువంటి పనిని ఒక్క రోజులోనే రెండుసార్లు చేస్తుంది. ఒక రోజులోని అన్నిటికన్నా ఎత్తైన పోటుకూ అన్నిటికన్నా లోతైన పాటుకూ మధ్య తేడా సగటున రెండు మీటర్లకు పైగా ఉంటుంది, కొన్ని రోజుల్లో మూడు మీటర్లు దాటుతుంది. అక్కడి రేవుల్లో పడవలు కట్టే వేదిక నీటి మీద తేలుతూ నీటితోపాటే లేచి దిగుతుంది, ఒడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది కాబట్టి, ఆ రెంటినీ కలిపే వాలు వంతెన నిండు పోటులో దాదాపు చదునుగానూ, పాటు వేళ మోకాళ్లు మొరాయించేంత ఏటవాలుగానూ మారుతుంది.

వేసవిలో అక్కడ బాగా లోతైన పాట్లు పగటిపూటే వస్తాయి. అందుచేత పొద్దున నీరు నిండుగా ఉండగానే దిగి, సాయంత్రం నీరు తిరిగి పెరిగాక పడవ ఎక్కడం మీకు మంచిది. జూలైలో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది ప్రాంతంలోనే గనుక తొందర పడనక్కర లేదు. పోటుపాట్ల వేళలు రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. వాటి పట్టికను నోవా అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ముందుగానే ప్రకటిస్తుంది. ఏ దీవికి వెళ్దామని అడిగే ముందు ఆ పట్టిక చూసి తేదీ ఎంచమని అబ్బాయికి చెప్పండి.

ఇక చోటు సంగతి. శాన్ వాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్ అనే చిన్న ఊరును చాలామంది సూచిస్తారు. అంగళ్లు, తిమింగలాల మ్యూజియం అన్నీ ఉన్న మంచి ఊరే. నా ఓటు మాత్రం అదే దీవికి వాయవ్యంలో ఉన్న గారిసన్ బే అనే చిన్న అఖాతం ఒడ్డుకు, అక్కడ ఒకప్పటి బ్రిటిష్ సైనిక శిబిరమైన ఇంగ్లిష్ క్యాంపుకు. నీటి పక్కనే చదునైన పచ్చిక మైదానం, పాత చెక్క కట్టడాలు, ఒక పూలతోట ఉన్నాయి. మీరు పెద్దగా నడవకుండానే అన్నీ చూడవచ్చు. వెనకాలే సుమారు రెండు వందల మీటర్ల ఎత్తున్న యంగ్ హిల్ ఉంది. మీవారు ఎక్కి దిగివచ్చేదాకా మీరు చెట్టు నీడన కూర్చోవచ్చు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే ఆ బే లోతు తక్కువ. పడవను లోపలికంటా తేకుండా, పాటులోనూ అడుగు తగలనంత లోతులో లంగరు వేసి, డింగీ అనే చిన్న పడవలో ఒడ్డుకు రావాలి. పడవలోంచి డింగీలోకి మారేటప్పుడే కాలు జారే ప్రమాదం ఎక్కువ, నీరు వేసవిలోనూ పది డిగ్రీలకు అటూఇటూగానే ఉంటుంది. లైఫ్ జాకెట్ తొడుక్కున్నాకే కదలండి. చీర ఆ పూటకు వద్దు, సల్వారు మేలు. ఎండిన జొన్నరొట్టెలు, పొడి, ఒక స్వెటర్ ఉంటే పగలు గడిచిపోతుంది. వాన భయం పెద్దగా లేదు. ఒలింపిక్ పర్వతాల చాటున ఉన్నందువల్ల ఆ దీవిలో ఏడాది వర్షం ఇంచుమించు మన కర్నూలు లెక్కే.

దారిలో ఓర్కా తిమింగలాలు కనబడితే దగ్గరికి పోనివ్వమని అబ్బాయిని అడగవద్దు. అక్కడే నివసించే, అంతరించే ప్రమాదంలో ఉన్న దక్షిణ రెసిడెంట్ ఓర్కాలకు పడవలు వెయ్యి గజాల దూరంలో ఉండాలని వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 జనవరి నుంచి చట్టం అమలులో ఉంది. అదే దీవి పడమటి ఒడ్డున ఉన్న లైమ్ కిల్న్ పాయింట్ నుంచి, అదృష్టం ఉంటే, నేల మీద నిలబడే వాటిని చూడవచ్చు.

కెనడా ప్రశ్నకు జవాబు మీరు దిగబోయే ఆ క్యాంపు చరిత్రలోనే ఉంది. 1846 ఒప్పందంలో సరిహద్దు ఏ జలసంధి గుండా పోతుందో స్పష్టంగా రాయకపోవడంతో అమెరికా, బ్రిటన్ రెండూ ఈ దీవులు తమవేనన్నాయి. 1859లో ఒక అమెరికన్ రైతు తన పొలంలో పడిన ఇంగ్లిష్ కంపెనీ పందిని కాల్చి చంపగా, పంది కోసం రెండు దేశాల సైన్యాలు దిగాయి. ఆ గొడవలో చచ్చింది ఆ పంది ఒక్కటే. తర్వాత పన్నెండేళ్లకు పైగా దీవికి ఒక కొసన అమెరికా సైనికులు, మరో కొసన ఈ క్యాంపులో బ్రిటిష్ సైనికులు ఉన్నారు. చివరకు మధ్యవర్తిగా జర్మనీ చక్రవర్తి మొదటి విల్హెల్మ్ 1872లో హారో జలసంధే సరిహద్దని తీర్పు చెప్పాడు. ఆ గీతే నేటికీ సరిహద్దు. దానికి అవతల దిగాలన్నా, లంగరు వేయాలన్నా కెనడా సరిహద్దు అధికారులకు తెలియజేయాలి, భారత పాస్‌పోర్టు ఉన్న మీకు కెనడా వీసా విడిగా కావాలి. తిరిగి వచ్చాక అమెరికా అధికారులకూ చెప్పుకోవాలి. ఆ వీసా ఇదివరకే చేతిలో ఉంటే తప్ప, పడవను హారోకు తూర్పు పక్కనే ఉంచమనండి. కెనడా కొండలు అక్కడి నుంచీ కనిపిస్తాయి.