నాన్నకు అయోర్టా చిట్లింది.. నేను జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. నాన్న 54 ఏళ్లప్పుడు ఛాతీలో అయోర్టా (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) ఉబ్బి, చిట్లి చనిపోయారు. బాబాయి 46 ఏళ్లకే నిద్రలో పోయారు, హార్ట్ ఎటాక్ అన్నారు. ఇది జన్యువుల వల్ల వస్తుందట కదా, ఆన్‌లైన్‌లో దొరికే ఉమ్మి కిట్‌తో టెస్ట్ చేసుకోవచ్చా? బీపీ నార్మల్‌కు వచ్చిందని రెండు నెలల కిందట మాత్ర ఆపేశాను. మోషన్స్ అయితే సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోవడం తప్ప వేరే మందుల అలవాటు లేదు. చెల్లెలికి ఐదో నెల. తనకూ చెప్పాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కిట్ సంగతి తర్వాత. ముందు ఈ వారంలోనే ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) చేయించుకోండి. మీ అయోర్టా ఇవాళ ఎన్ని సెంటీమీటర్లు ఉందో తెలియాలి. ఎకోలో సరిగ్గా కనిపించకపోతే సీటీయో ఎంఆర్ఐయో అవసరం కావచ్చు. రిపోర్ట్ వచ్చేదాకా జిమ్‌లో ఊపిరి బిగబట్టి బరువులెత్తకండి.

ఛాతీలో అయోర్టా ఉబ్బినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇంకొకరికీ ఆ జబ్బు ఉంటుంది. మీ బాబాయిది హార్ట్ ఎటాకేనా అని నాకు అనుమానమే. తండ్రిలో అలాంటి జన్యుమార్పు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అయోర్టాను ఉబ్బించే జన్యు జబ్బుల్లో ఒకటైన మార్ఫన్ ఉన్నవాళ్లు సాధారణంగా పొడవుగా, సన్నటి వేళ్లతో ఉంటారు గానీ, ఏసీటీఏ2 జన్యువులో మార్పు ఉన్నవాళ్లు చాలామంది చూడ్డానికి మనలాగే ఉంటారు. ఉమ్మి కిట్‌లు చాలావరకు జన్యువుల్లో కొన్ని చోట్లే వెతుకుతాయి. ఈ జబ్బుకు సంబంధించిన జన్యువులను వరసగా చూసే పూర్తి ప్యానెల్ టెస్ట్ చేసినా చాలా కుటుంబాల్లో కారణం దొరకదు. కిట్‌లో ఏమీ లేదని వస్తే మీరు ఎకో మానేస్తారేమోనని నా భయం.

మాత్ర వేసుకున్నారు కాబట్టే బీపీ నార్మల్‌కు వచ్చింది బాబూ! ఉబ్బిన అయోర్టాకు బీపీని మించిన శత్రువు లేదు. అలాగని పాత స్ట్రిప్ వెతికి మీరే మొదలుపెట్టొద్దు. ఏ మాత్ర, ఎంత మోతాదో కొలతలు చూసి మీ డాక్టర్ చెప్పాలి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ సిప్రోఫ్లాక్సాసిన్. అయోర్టా ఉబ్బు ఉన్నవాళ్లకు, వచ్చే ముప్పున్నవాళ్లకు వేరే దారి లేకపోతే తప్ప ఈ రకం యాంటీబయాటిక్‌లు (ఫ్లోరోక్వినలోన్లు) ఇవ్వొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరించింది. లివోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ కూడా ఇదే గుంపు. మోషన్స్ అనగానే మెడికల్ షాపులో చేతిలో పెట్టే ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ మాత్ర కూడా ఇదే. ఓపీలో జేబులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి చూపిస్తుంటారు, రెండు మాత్రలు, పేరున్న భాగం షాపులోనే మిగిలిపోయి ఉంటుంది. ఏం మింగారో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. మామూలు విరేచనాలకు చాలాసార్లు ఓఆర్‌ఎస్ చాలు.

ఛాతీలో గానీ వీపులో గానీ ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తే గ్యాస్ అనుకుని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మిమ్మల్ని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను.

అసలు మొదట రాయాల్సింది చివరికొచ్చింది. చెల్లెలికి చెప్పాలా అని అడుగుతారేంటి, ఇవాళే చెప్పండి. అయోర్టా బలహీనంగా ఉంటే చివరి నెలల్లో, కాన్పయ్యాక కొన్ని వారాలు ముప్పు పెరుగుతుంది. నాన్నగారి సంగతి ఆమె గైనకాలజిస్ట్‌కు తెలియాలి. ఎకోలో రేడియేషన్ ఉండదు, బిడ్డకేమీ కాదు. బాబాయి పిల్లలకూ చెప్పండి.