చలికాలంలో చెక్క నేల ఎందుకు నోరు తెరుస్తుంది?

"అన్నా, పోయిన ఎండాకాలంల ఇల్లు కొన్నం. చెక్క నేల అప్పుడు సందు లేకుంట మంచిగుండె. ఇప్పుడు జనవరిల చూస్తే పలకల నడుమ క్రెడిట్ కార్డు దూరేటంత సందులు పడ్డయి. నడుస్తే కిర్రుమంటున్నది. బిల్డరు మోసం చేసిండా?"

అమెరికాలో మినియాపోలిస్‌కు ఈమధ్యే వచ్చిన మిర్యాలగూడ తమ్ముడి ప్రశ్న ఇది. నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చి ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది మొదటి చలికాలంలో ఇదే అడుగుతారు కాబట్టి అందరికీ పనికొచ్చేలా రాస్తున్నా.

మోసం లేదు తమ్మీ, ఇల్లు ఎండిపోయింది. బయట మైనస్ 20 సెల్సియస్ ఉంటే ఒక ఘనపు మీటరు గాలి పట్టగలిగే నీటి ఆవిరి గ్రాము చుట్టుపక్కలే. ఆ గాలే లోపలికి దూరి, ఇల్లు వేడిచేసే ఫర్నేసు వేడికి 21 డిగ్రీలకు చేరితే 18 గ్రాముల దాకా పట్టగలదు. ఉన్న నీళ్లు మాత్రం ఆ గ్రామే. అంటే తేమ ఐదారు శాతం. వంటలు, స్నానాలు, మన ఊపిరి కలిసి దాన్ని కొంత లేపుతాయి గానీ, గాలి దూరే పాత ఇంట్లో 20 దాటడమే గగనం. అంత పొడిగాలి తేమ ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుంటుంది: పెదవుల నుంచి, చర్మం నుంచి, చెక్క నుంచి.

ఊళ్లో వానాకాలం టేకు తలుపు ఉబ్బి ద్వారబంధానికి పట్టేయడం, ఎండలు ముదిరాక వదులవడం చూసినవాళ్లమే కదా. ఇదీ అదే, కాకపోతే ఇక్కడ చెక్క ఎండేది చలికాలంలో. పలక పొడవులో పెద్దగా కదలదు, వెడల్పులోనే తగ్గుతుంది. ఇంటి తేమ 50 నుంచి 25 శాతానికి పడిపోయి చాలా రోజులు అలాగే ఉంటే, మామూలు కోత రెడ్ ఓక్ చెక్కలో ఐదంగుళాల పలక ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. రెండుంపావు అంగుళాల పలకైతే మిల్లీమీటరు లోపే. వెడల్పు పలకలు చూసి షోరూములో మురిసిపోయేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. నన్నడిగితే ఈ చలికి సన్న పలకలే మేలు.

సందులు చూసి పుట్టీ డబ్బా కొనుక్కురాకు. ఎండాకాలం చెక్క ఉబ్బినప్పుడు ఆ పుట్టీని పిండి బయటికి నెడుతుంది. ఏడాది తిరిగేదాకా ఓపిక పట్టు. జులైలోనూ సందులు మూసుకోకపోతే అప్పుడు మనిషిని పిలువు. పలక అంచులు లేచి నడుమ గుంట పడితే మాత్రం ఆగొద్దు, అది కిందినుంచి నీళ్లు తగులుతున్న గుర్తు. డిష్‌వాషర్ కింద, బేస్‌మెంట్‌లో వెతుకు. తడి ఆరకముందే సాండింగ్ (నేలను గీకి చదును చేయడం) చేయిస్తానంటే ఒప్పుకోకు. ఆరాక నడిమి భాగం బొడిపెలా లేస్తుంది.

ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచమని నేల వేసేవాళ్లు చెప్తారు. మాట మంచిదే, కానీ మైనస్ 20లో 40 పెట్టుకుంటే తెల్లారేసరికి కిటికీ అద్దం మీద నీళ్లు కారి కింది చెక్కలో ఇంకుతాయి. కంటికి కనపడని గోడ లోపలా అంతే, అక్కడ బూజు పడితే ఖర్చు నేలకంటే పెద్దది. అందుకే నేలకూ కిటికీకీ తగువొస్తే నేను కిటికీ పక్షమే. అద్దం అంచుల్లో తడి కనపడితే తేమ ఐదు శాతం తగ్గించు. గడ్డకట్టే వారాల్లో 20-25తో సరిపెట్టుకున్నా నేల చావదు.

ఫర్నేసు పక్కన చిన్న పెట్టె ఉందేమో చూడు, అదే ఇంటి గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయ్యర్. మూత తీస్తే లోపల జల్లెడ లాంటి ప్యాడ్ ఉంటుంది. లవణాలెక్కువున్న గట్టి నీళ్ల వల్ల దాని మీద తెల్ల పెచ్చు కట్టి ఉంటే నీళ్లు దానిమీద పారవు, గాలికి తేమ అందదు. ఏటా చలికాలం ముందు మార్చాలి. చాలా వాటికి గాలి గొట్టం మీద చిన్న మీట ఉంటుంది, చలికి తెరవాలి, ఎండాకాలం మూయాలి. బిల్డరు దాన్ని మూసే వదిలేసిన ఇళ్లు నేను చూశాను. గదిలో పెట్టుకునే, నీళ్లను మంచులా చిమ్మే అల్ట్రాసోనిక్ మెషిన్ అయితే లవణాలు లేని డిస్టిల్డ్ నీళ్లే పోయి, లేకపోతే సామాన్ల మీద తెల్ల దుమ్ము పడుతుంది.

తేమ మీటరు పది పదిహేను డాలర్లకే దొరుకుతుంది. వంటింటికి, వేడిగాలి వచ్చే జాలీకి దూరంగా లోపలి గోడకు పెట్టు. దాని మాట నమ్మేముందు పరీక్షించు. సీసా మూతలో ఉప్పు వేసి నాలుగు చుక్కల నీళ్లతో ముద్ద చేసి, మీటరుతో పాటు జిప్ సంచిలో మూసి రాత్రంతా ఉంచు. పొద్దున 75 చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత లెక్కలో కలుపుకో.

ఇక అమ్మానాన్నలు వస్తే ముందే చెప్పిపెట్టు. తాండూరు బండల మీద బకెట్ నీళ్లు పోసి చీపురుతో నెట్టిన చేతులవి. వద్దంటే నొచ్చుకుంటారు, గట్టిగా పిండిన మెత్తటి గుడ్డ చేతికిస్తే సంతోషంగా తుడుస్తారు. స్టీమ్ మాప్ అసలే వద్దు. మంచు బూట్లు గుమ్మం దగ్గరే ట్రేలో విప్పించు.

సంక్రాంతికి ఊరెళ్తున్నావా? హీటు 15 డిగ్రీలకు తగ్గించు, 13 కిందికి మాత్రం దింపకు, పైపులు గడ్డకడతాయి. నీళ్ల మెయిన్ వాల్వు కట్టేసి హ్యూమిడిఫయ్యర్ ఆపేసి పో. 21 దగ్గర 25 శాతంగా ఉన్న తేమ, చుక్క నీళ్లు కలపకుండానే 15 డిగ్రీల దగ్గర 35గా కనిపిస్తుంది, కాబట్టి హీటు తగ్గించడం నేలకు కొంత మేలే. తిరిగొచ్చాక ఒక్కసారే 40కి తిప్పకుండా రోజుకు కొంచెం కొంచెం పెంచుకుంటూ పో.