శ్రావణీ, కిలిమంజారోకి టికెట్లు బుక్ చేసేముందు అత్త మాట కాస్త విను

శ్రావణీ,

నువ్వు పంపిన ప్లాన్ మూడుసార్లు చదివానమ్మా. ఏప్రిల్‌లో మీ ఆయనకి కాలేజీ సెలవులు కాబట్టి అప్పుడు టాంజానియా వెళ్లి, ఐదు రోజుల్లో మరంగు రూట్‌లో కొండెక్కి దిగేసి, రెండు రోజులు సఫారీ, ఇంకో మూడు రోజులు జాంజిబార్ బీచ్. చదువుతుంటే సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఫోన్లో చెప్తే సరేలే అత్తా అనేసి పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా, మీ ఆయనకి కూడా చదివి వినిపించు.

ముందు అసలు సంగతి. ఈ ట్రిప్పులో డబ్బులు ఎక్కడైనా మిగుల్చుకో, కొండ మీద రోజుల దగ్గర మాత్రం మిగుల్చుకోకు.

2009లో నేను మొదటిసారి వెళ్లినప్పుడు అచ్చంగా నీ ప్లానే నాది. మీ మామయ్య ఉద్యోగం వల్ల అప్పుడు దార్ ఎస్ సలామ్‌లో ఉండేవాళ్లం కదా, వార్డులో రోజుకి పన్నెండు గంటలు నిలబడి పనిచేసేదాన్ని, నాకేమవుద్దిలే అనుకున్నా. మరంగులో మొదటి రాత్రి మందారా హట్స్, అది 2,720 మీటర్లు, రెండో రాత్రి హొరొంబో 3,720, మూడో రోజు మధ్యాహ్నానికి కిబో హట్, దాదాపు 4,700, ఆ రాత్రే పన్నెండింటికి లేపి 5,895 మీటర్ల ఉహురు శిఖరానికి నడవమంటారు. అంటే హొరొంబోలో పొద్దున్నే బయల్దేరిన మనిషి మర్నాడు పొద్దుటికల్లా రెండు వేల మీటర్లకి పైగా ఎక్కేయాలి. కిబోలో సాయంత్రానికే నాకు తల పగిలిపోతోంది, గైడ్ వచ్చి ఎలా ఉందమ్మా అంటే బానే ఉందన్నా. నర్సునై ఉండి అబద్ధం చెప్పా చూడు, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అర్ధరాత్రి హాన్స్ మేయర్ గుహ దాటాక వాంతులు మొదలయ్యాయి, అడుగు ఒకచోట వేద్దామంటే ఇంకోచోట పడుతోంది, గైడ్ నా మొహం మీద లైటు వేసి ఒక్క క్షణం చూశాడు, ఒక్క మాట వాదించకుండా చెయ్యి పట్టుకుని కిందకి తిప్పేశాడు. హొరొంబో చేరేసరికి ఆ తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.

ఎందుకలా అంటే శిఖరం మీద ఊపిరికి అందే ఆక్సిజన్ మన గుంటూరులో అందేదాంట్లో సగమే ఉంటుంది. దానికి ఒళ్లు అలవాటు పడటానికి రోజులు పడతాయి, కండబలంతో పని లేదు, జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లే గబగబా ఎక్కేసి ముందు పడిపోతుంటారు, నా కళ్లారా చూశా. అందుకే 2012లో రెండోసారి వెళ్లినప్పుడు మచామే రూట్‌లో ఏడు రోజులు తీసుకున్నా, నువ్వూ అదే తీసుకో. ఇందులో ఉన్న సుఖం ఏంటంటే మూడో రోజు నిన్ను లావా టవర్ దాకా, అంటే 4,600 పైకి ఎక్కించి, అక్కడే అన్నం పెట్టి, సాయంత్రానికి మళ్లీ 3,900 దగ్గరున్న బరాంకో క్యాంప్‌కి దించి పడుకోబెడతారు. ఎత్తు ఎక్కి కింద పడుకోవడం, ఆ ఒక్క రోజే ఒంటికి సగం పాఠం నేర్పేస్తుంది. ఐదో రోజు బరాఫు క్యాంప్, స్వాహిలీలో బరాఫు అంటే మంచు, మన హైదరాబాద్‌లో బరఫ్ అంటారే అదే మాట. మచామేని ఆరు రోజుల్లో కూడా అమ్ముతారు, మధ్యలో కరంగా క్యాంప్ రాత్రి తీసేసి, ఆ రాత్రి వదులుకోకు.

ఏప్రిల్ వద్దు. మార్చి మధ్య నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు, కింద అడవంతా బురద, పైన మంచు, టెంట్లో బట్టలు ఆరవు. జనవరి చివర, ఫిబ్రవరి బాగుంటాయి, లేదంటే జూన్ నుంచి అక్టోబర్ దాకా. నన్నడిగితే ఫిబ్రవరి, కారణం సఫారీ దగ్గర చెప్తా. మీ ఆయన్ని సెలవు పెట్టమను, పది పనిదినాలు పెడితే శనాదివారాలతో కలిసి పదహారు రోజులు వస్తాయి. ప్రయాణాలకి రెండు, కొండ కింద మోషీ ఊళ్లో దిగాక ఒక రోజు విశ్రాంతి, కొండకి ఏడు, దిగాక ఒక రోజు ఊరికే పడుకోవడానికి, సఫారీకి నాలుగు, ఇంకోటి చేతిలో ఉంటుంది. జాంజిబార్ తీసేయ్, సముద్రం మన బాపట్లలో కూడా ఉంది. కుదిరితే శిఖరం ఎక్కే రాత్రి పౌర్ణమికి దగ్గర్లో పడేలా చూసుకో, వెన్నెల్లో ఆ రాత్రి భయం సగం తగ్గుతుంది.

ఇక డబ్బు సంగతి, ఇది చాలా శ్రద్ధగా చదువు. నీకు ఎవరో వెయ్యి డాలర్లకే కొండ ఎక్కిస్తామన్నారని రాశావు కదా. నేను లెక్క వేసి చూపిస్తా. పార్కు వాళ్లు విదేశీయుల దగ్గర రోజుకి 70 డాలర్లు తీసుకుంటారు, ఏడు రోజులకి 490. క్యాంపింగ్ రాత్రికి 50, ఆరు రాత్రులకి 300. రెస్క్యూ ఫీజు 20. మొత్తం 810, దాని మీద 18 శాతం వ్యాట్, అంటే దాదాపు 956 డాలర్లు నేరుగా పార్కుకే పోతాయి. మిగిలిన 44 డాలర్లతో గైడు, వంటమనిషి, నీ సామాను మోసే ముగ్గురు నలుగురు, వాళ్ల తిండి, నీ తిండి, టెంట్లు, బండి, ఇవన్నీ ఎలా వస్తాయమ్మా? రావు. ఎవరో ఒకరి కడుపు కొట్టి ఇస్తారు, ఆ కడుపు ఎప్పుడూ మోసేవాళ్లదే.

2009లో నేను దొరికినంత చవకలో వెళ్లా. రెండో రోజు వాన, నా బ్యాగు నెత్తిన పెట్టుకుని నడుస్తున్న పిల్లాడి బూటు అడుగు ఊడిపోయి పురికొసతో కట్టి ఉంది, అడుగు వేసినప్పుడల్లా నోరు తెరిచి నీళ్లు మింగుతోంది ఆ బూటు. వాడికి ఇరవై ఏళ్లు కూడా ఉంటాయో ఉండవో. ఆఖరి రోజు గేటు దగ్గర మాటల్లో తెలిసింది, రోజుకి ఒక్కపూటే ఉగాలి పెట్టారంట, ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో మన సంకటిలా చేస్తారు. నా బ్యాగులో అప్పుడు తినని జీడిపప్పు, అరిసెలు రెండు కేజీలు ఉన్నాయి, నేను అడిగి ఉంటే కదా. ఆ పిల్లాడి బూటు నాకు ఇప్పటికీ కళ్లముందు కనపడుద్ది. కాబట్టి కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, మోసేవాళ్లకి రోజుకి ఎంత ఇస్తారు, మూడు పూటలా పెడతారా, పడుకోవడానికి టెంటు ఉందా, మనిషికి ఇరవై కేజీలు దాటకుండా తూకం వేస్తారా అని అడుగు. అక్కడ కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒకటి ఉంది, పోర్టర్లని సరిగ్గా చూసుకునే కంపెనీల జాబితా వాళ్ల దగ్గర ఉంటుంది, అందులోంచే ఎంచుకో. మంచి కంపెనీ అయితే ఏడు రోజులకి రెండు వేల డాలర్లు, ఆ పైన అవుతుంది. టిప్పులకి తలకి ఇంకో 250 దాకా విడిగా పెట్టుకో, అక్కడి షిల్లింగుల్లో చిన్న నోట్లుగా మార్చుకుని ఎవరి కవరు వాళ్ల చేతికే ఇవ్వు, అందరివీ ఒకరికి ఇవ్వకు. మొదటి రోజే అందరి పేర్లూ అడిగి రాసుకో.

తయారీకి ఆరు నెలలు ముందు మొదలెట్టు. జిమ్ ట్రెడ్‌మిల్ చాలదు, నెలకోసారి తిరుపతి వెళ్లి అలిపిరి మెట్లు ఎక్కు, 3,550 మెట్లు, ఐదారు కేజీల బ్యాగు వీపున వేసుకుని. ఎక్కాక బస్సులో దిగిపోకు, నడిచే దిగు. శిఖరం ఎక్కిన రోజే దాదాపు 2,800 మీటర్లు కిందకి దిగాలి, మోకాళ్లు ఏడ్చేది అప్పుడే, రెండు వాకింగ్ పోల్స్ తప్పనిసరి. ఇంతకుముందు ఎత్తులో ఎప్పుడూ పడుకోలేదు కాబట్టి ఈలోపు హిమాలయాల్లో కేదారకాంత లాంటి ట్రెక్ ఒకటి చేసి రా, నీ ఒళ్లు ఎత్తుకి ఎలా ఉంటుందో నీకు తెలుస్తుంది. మన అమ్మాయిలకి ఇది కొత్తేం కాదులే, మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, అదీ గురుకులంలో చదువుకుంటూ. కానీ ఆ పిల్ల ఊరికే ఎక్కలేదు, భువనగిరి గుట్ట మీద మొదలెట్టి హిమాలయాల్లో ట్రైనింగ్ చేసి మరీ వెళ్లింది.

డయామాక్స్, అదే ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర, దాని గురించి అడిగావు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తారు, ఎక్కడానికి ఒక రోజు ముందు మొదలెట్టి. నేనున్నా కదా అని నా మాట మీద వేసుకోకు, డాక్టర్‌కి చూపించుకో, సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పు, మీ ఆయన బీపీ మాత్రల సంగతి కూడా చెప్పాలి. వేళ్లు చిమచిమలాడతాయి, మాటిమాటికీ బాత్రూమ్ వస్తుంది, భయపడకు. ఇంట్లో రెండు రోజులు వేసుకుని చూసి వెళ్లడం మంచిది. గైడ్ రోజూ సాయంత్రం వేలికి ఆక్సిమీటర్ పెట్టి ప్రశ్నలు అడుగుతాడు, నాలాగా దాచకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఊరికే కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మనిషి తూలుతున్నా, మాట తేడాగా వస్తున్నా దానికి మందు ఒకటే, అర్ధరాత్రైనా సరే కిందకి దిగడం.

సామాన్ల లిస్టు కంపెనీ పంపుతుంది, నేను అందులో ఉండని మాటలు చెప్తా. బూట్లు మాత్రం సొంతవి, కనీసం రెండు నెలలు వాడినవి, విమానంలో కాళ్లకే వేసుకుని వెళ్లు, ఎందుకంటే సూట్‌కేసు రాకపోతే మిగతావన్నీ మోషీలో అద్దెకి దొరుకుతాయి, నీ పాదానికి అలవాటైన బూటు దొరకదు. శిఖరం రాత్రి మైనస్ పది, ఇంకా కిందకి పోతుంది, నీళ్ల పైపు గడ్డకడుతుంది, బాటిల్‌ని తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర కట్టదు. ఫోను, బ్యాటరీలు ఒంటికి ఆనించుకుని లోపలి జేబులో. నెలసరి డేటు కాకపోయినా ప్యాడ్స్ తీసుకెళ్లు, ఎత్తులో డేట్లు అటూ ఇటూ అవుతాయి, వాడినవి కవర్లో చుట్టి కిందకే తేవాలి. కంపెనీ చిన్న టాయిలెట్ టెంట్ అద్దెకిస్తుంది, అది తీసుకో, ఆడవాళ్లకి ఆ ఖర్చు వృథా కాదు. పైకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, వాళ్లు సాయంత్రం టీతో పాప్‌కార్న్ పెడతారు, సూప్ పెడతారు, బాగానే చేస్తారు, అయినా నోటికి ఏదీ సహించని రోజు కందిపొడి, అల్లం పచ్చడి కాపాడతాయి. రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు మాత్రం 2019 నుంచి ఆ దేశంలో నిషేధం, పచ్చళ్లు డబ్బాల్లో సర్దుకో.

శిఖరం ఎక్కే ఆ రాత్రి ఎలా ఉంటుందో చెప్పనా. చీకట్లో పైకి చూస్తే తలలకి కట్టుకున్న లైట్లు ఒకదాని వెనక ఒకటి వంకర టింకరగా కదులుతుంటాయి, అవి చుక్కలో మనుషులో తెలీదు. గైడ్ ప్రతి రెండు నిమిషాలకీ పోలే పోలే అంటాడు, మెల్లగా మెల్లగా అని. అడుగుకి ఒక ఊపిరి, అంతే. రెండోసారి నేను కొండ పైఅంచున ఉన్న స్టెల్లా పాయింట్ చేరేసరికి తూర్పున ఎరుపు వచ్చింది, నా చేతులు పనిచేయట్లేదు, గైడ్ నా చేతి తొడుగు విప్పి నా వేళ్లని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఊదాడు, మళ్లీ తొడిగి, జాకెట్ జిప్పు గడ్డం దాకా లాగాడు, మా అమ్మ చిన్నప్పుడు స్వెటర్ వేసినట్టు. అక్కడ్నుంచి ఇంకో గంట నడిస్తే ఉహురు, ఆ మాటకి స్వేచ్ఛ అని అర్థం. పక్కనే మంచు గోడలు. 1912లో ఉన్న మంచులో ఎనభై శాతానికి పైగా ఇప్పటికే కరిగిపోయింది, నువ్వు చూసేది మిగిలిన కాస్తే, కళ్లారా చూసి రా.

సఫారీ కొండ తర్వాతే పెట్టుకో, ముందు వద్దు. సఫారీ పల్లపు ప్రాంతాల్లో మలేరియా దోమ ఉంటుంది, కుట్టిన వారానికో పది రోజులకో జ్వరం వస్తుంది, అది కొండ మీద వస్తే ఎత్తు వల్లో మలేరియా వల్లో తేల్చుకోలేం. పైగా ఎక్కి దిగిన కాళ్లకి జీపులో కూర్చోవడం హాయి. మలేరియా మాత్రలు కూడా డాక్టర్‌నే అడుగు. ఫిబ్రవరి అని ఎందుకన్నానంటే, అప్పుడు వైల్డ్‌బీస్ట్ అనే జింకజాతి జంతువుల మందలు ఎన్‌డుటు చుట్టుపక్కల, సెరెంగెటి పక్కనే ఉన్న గడ్డి మైదానాల్లో ఈనుతుంటాయి, పుట్టిన పిల్ల కొన్ని నిమిషాల్లో లేచి తల్లి వెనక పరిగెడుతుంది, దాని కోసం చిరుతలు, సింహాలు, హైనాలు కాచుకుని ఉంటాయి. నాలుగు రోజుల్లో సెరెంగెటి పార్కు మొత్తం చూసేద్దామని ఆశపడకు, అది 14,763 చదరపు కిలోమీటర్లు, రోజంతా దుమ్ములో బండిలోనే అయిపోద్ది. ఎన్‌డుటులో రెండు రాత్రులు ఉండి, ఆఖరి రోజు పొద్దున్నే ఎన్‌గోరోంగోరో క్రేటర్‌లోకి దిగండి, ఆరు వందల మీటర్ల లోతు గిన్నెలాంటిది, నల్ల ఖడ్గమృగం కనపడే అవకాశం అక్కడే ఎక్కువ. జిరాఫీ కోసం అందులో వెతక్కు, ఆ గోడలు దిగలేక అవి లోపల ఉండవు. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, కుట్టే సెట్‌సీ ఈగలు వాటికే వస్తాయి. మిలటరీ డిజైన్ బట్టలు అసలే వద్దు, అక్కడ చట్టం ఒప్పుకోదు. ఇంకో మాట, దగ్గరికి పోనీయ్ అని డ్రైవర్‌ని పోరు పెట్టొద్దని మీ ఆయనకి చెప్పు, ఒకచోట ఇంజిన్ ఆపి అరగంట నిశ్శబ్దంగా కూర్చుంటే కనపడేవి పది చోట్ల తిరిగినా కనపడవు.

కాగితాలు తొందరగా చెప్పేస్తా. వీసా ఆన్‌లైన్‌లో 50 డాలర్లు, నెల ముందే పెట్టు. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని వెళ్లు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి, మీరు అడిస్ అబాబా మీదుగా వెళ్తున్నారు కాబట్టి టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా ఎయిర్‌పోర్టుకి పోవద్దు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఆరు వేల మీటర్ల దాకా ట్రెకింగ్‌కి వర్తిస్తుందా, హెలికాప్టర్‌తో దించితే డబ్బులిస్తారా అని కాగితం మీద రాయించుకో, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. అక్కడా దాన్ని బీమా అనే అంటారు, దుకాణాన్ని దుకా అంటారు, చాయ్ చాయే, నీకు భాష త్వరగానే వస్తుంది.

దసరాకి గుంటూరు వచ్చినప్పుడు నా డౌన్ జాకెట్ పట్టుకెళ్లు, అటక మీద నీలం ట్రంకు పెట్టెలో ఉంది, నీకు సరిగ్గా సరిపోద్ది. మీ ఆయన కాలికి పాత బూట్లు ఏమైనా ఉంటే అవి పారేయొద్దు, నా దగ్గర ఇంకో మూడు జతలున్నాయి, అన్నీ కలిపి ఒక బ్యాగులో కట్టిస్తా, మోషీలో మోసేవాళ్లకి ఇద్దువు గాని.

అత్త